వ్యాన్‌కు సీక్రెట్ స్విచ్: ఏ వైరు తెంపుతున్నారో ముందు అడగండి

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2016 మోడల్ మారుతి ఈకో కార్గో ఉంది, బయట సీఎన్‌జీ కిట్ పెట్టించాను. టిఫిన్ సెంటర్లకు ఇడ్లీ, దోశ పిండి సప్లై చేస్తాం. తెల్లవారుజామున మూడింటికి బండి బయల్దేరాలి. ఇంటి దగ్గర జాగా లేక రాత్రిపూట సందు మొదట్లో పెడతాం. ఈమధ్య పక్క వీధిలో ఒక వ్యాన్ పోయింది, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా బండి అసలు కీ ఒకటి పోతే బస్టాండు దగ్గర డూప్లికేట్ చేయించాను, దానితోనే నడుస్తోంది. మా మెకానిక్ ఇగ్నిషన్ మెయిన్ వైరు తెంపి స్టీరింగ్ కింద సీక్రెట్ స్విచ్ పెడతాను, ఐదొందలు అవుతుంది అంటున్నాడు. పెట్టించమంటారా? బండి 2024 వరదలో సీట్ల దాకా మునిగింది. అప్పుడప్పుడు కీ తిప్పితే టక్‌మని ఆగి, రెండోసారికి సెల్ఫ్ తీసుకుంటుంది. బండి మీద ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు.

జవాబు: స్విచ్ పెట్టించండి. మీ మెకానిక్ చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు.

అవసరం ఉందా అన్న అనుమానం మీకు అక్కర్లేదు. బస్టాండు దగ్గర అరగదీసి ఇచ్చిన కీతో ఇంజిన్ స్టార్ట్ అవుతోందంటే మీ కీలో చిప్పు లేదన్నమాట. చిప్పు కీ అయితే ఆ కోడు లేని కీ తాళంలో తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. ఈకోకు ఇమ్మొబిలైజర్ (చిప్పు కీ లేకుండా ఇంజిన్ అందుకోనివ్వని ఏర్పాటు) ఉందని కంపెనీ గట్టిగా చెప్పుకున్నది 2022 చివర్లో వచ్చిన కొత్త మోడల్‌తోనే. మీ బండికి ఉన్న కాపలా అంతా ఒక తాళం, ఒక స్టీరింగ్ లాక్. చేయి తిరిగిన వాడికి అవి పెద్ద లెక్క కాదు.

ఇక మెకానిక్ మాట. ఇగ్నిషన్ మెయిన్ వైరు తెంపడం అంటే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్), ఇంజెక్టర్లు, కాయిల్, మీటర్లు, అన్నింటికీ వెళ్ళే కరెంటును ఒక బజారు స్విచ్చి మీదుగా తిప్పడం. ఆ స్విచ్చి లోపల ఉండేది చిన్న ఇత్తడి ముక్క, ఒక స్ప్రింగు. రోజూ గుంతల్లో ఎగిరే బండిలో, మే నెల ఎండలో, ఆరు నెలలకో ఏడాదికో ఆ స్ప్రింగు సడలుతుంది. లేదా క్లచ్ తొక్కుతుంటే మీ డ్రైవర్ మోకాలే దానికి తగులుతుంది. అది జరిగేది సందులో బండి నిలబెట్టి ఉన్నప్పుడే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. రాత్రి మూడున్నరకు రామవరప్పాడు రింగ్ దగ్గర హైవే ఎక్కుతుంటే, వెనక లారీ ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఏమిటి పరిస్థితి? ఇంజిన్ ఆగాక బ్రేకుకు వాక్యూమ్ సాయం ఒకటి రెండుసార్లు తొక్కేదాకానే, ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది. వెనక వందల కిలోల పిండి. దొంగ భయంతో ఈ ప్రమాదం కొని తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

అందుకే ఎవరు సీక్రెట్ స్విచ్ గురించి అడిగినా నేను ఎదురడిగేది ఒకటే: అది చెడిపోతే ఏమవుతుంది? స్విచ్ ఎక్కడ దాచాలన్నది ఆ తర్వాతి సంగతి.

కొంతమంది పెట్రోల్ పంపు వైరు తెంపమంటారు. దొంగ స్టార్ట్ చేస్తే లైనులో మిగిలిన పెట్రోలుతో బండి నాలుగు సెకన్లు నడిచి, సందు మలుపులో ఆగిపోతుంది. వాడు ఆయిల్ అయిపోయిందనుకుని దిగి పారిపోతాడని లెక్క. తెలివైన పద్ధతే, కానీ మీకు పనికిరాదు. మీది గ్యాస్ బండి. బయట పెట్టే కిట్లలో కొన్నింటికి చేంజోవర్ బటన్ (పెట్రోలు, గ్యాసు మార్చే బటన్) నొక్కి పట్టుకుంటే పెట్రోలుతో పని లేకుండా నేరుగా గ్యాస్ మీదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. పెట్రోల్ పంపు ఆపి మీరు నిద్రపోతే, బండి గ్యాస్ మీద హాయిగా వెళ్ళిపోతుంది. పైగా పెట్రోలు మీద నడుస్తున్నప్పుడు పంపు వైరులో పెట్టిన స్విచ్ చెడితే ఇంజిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అంటే మెయిన్ వైరుకున్న జబ్బే దీనికీ ఉంది. సరే, గ్యాస్ కిట్ వైరింగే తెంపుదామంటారేమో, ఆ జోలికి అసలు పోవద్దు. సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు 200 బార్ ప్రెషర్ ఉంటుంది. ఆ వాల్వులకు వెళ్ళే వైర్లలో బయటి చేతులు పెట్టకూడదు.

మీ బండికి నేను సూచించేది సెల్ఫ్ మోటార్‌కు వెళ్ళే సన్న వైరు. కీని స్టార్ట్ దాకా తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు అది. ఇంజిన్ ఒకసారి అందుకున్నాక దానితో పనే లేదు. కాబట్టి అక్కడ ఏది ఊడినా, కాలినా, తుప్పుపట్టినా నడుస్తున్న బండి ఆగదు. మహా అయితే పొద్దున స్టార్ట్ కాదు. పెట్రోలైనా గ్యాసైనా సెల్ఫ్ ఒకటే కనుక మీ కిట్‌తో గొడవ కూడా లేదు.

దీనికి ఒక లోటుంది. గేర్ బండి కాబట్టి ఇద్దరు కలిసి తోస్తే స్టార్ట్ అవుతుంది. ఆ దారి మూయడానికి గేర్ లాక్ బిగించండి, బండి ఆపాక రివర్స్‌లో పెట్టి తాళం వేయండి. రివర్స్‌లో ఉన్న బండిని వెనక్కి తోసి స్టార్ట్ చేసినా వెనక్కి తప్ప నడవదు. మీ సందులో అలా ఎంత దూరం పోతాడో పోనివ్వండి. గేర్ లాక్ అద్దంలోంచి కనిపిస్తుంది కూడా. చాలామంది దొంగలు అది చూసి పక్క బండి వైపు వెళ్తారు. సీక్రెట్ స్విచ్‌కు ఆ గుణం లేదు, దొంగ అద్దం పగలగొట్టి లోపలికి వచ్చాకే అది అడ్డు పడుతుంది. అందుకే ఈ రెండిట్లో ఒకటి చాలదు, రెండూ ఉండాలి.

ఇప్పుడు వైరింగ్. సెల్ఫ్ సోలెనాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) తీసుకునే కరెంటును చిన్న బటన్ మోయలేదు, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, పెట్టాలి. ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులో అడిగినా నాలుగు కాళ్ళ 12 వోల్టుల, 40 ఆంపియర్ల రిలే ఇస్తారు, మంచి కంపెనీది తీసుకోండి. కాళ్ళ దగ్గర 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. సెల్ఫ్ వైరును తెంపితే రెండు కొసలు వస్తాయి. కీ వైపు నుంచి వచ్చే కొస 30కి, 86కి రెండింటికీ కలవాలి. సెల్ఫ్ మోటార్ వైపు వెళ్ళే కొస 87కి. మిగిలిన 85 నుంచి ఒకే ఒక సన్న వైరు మీ రహస్య బటన్‌కు, బటన్ రెండో కాలు నుంచి బాడీ ఎర్త్‌కు. అంతే.

బటన్ నొక్కితే ఉండిపోయే రకం వద్దు. వేలు తీయగానే వదిలేసే కాలింగ్ బెల్ రకం కావాలి. కుడిచేత్తో కీ తిప్పుతూ ఎడమచేత్తో బటన్ నొక్కి పట్టుకుంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. ఇంజిన్ అందుకోగానే రెండూ వదిలేయడమే. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, బండి ఆపాక మళ్ళీ స్విచ్ ఆఫ్ చేయాలన్న గుర్తు అక్కర్లేకపోవడం. మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టిన బళ్ళలో చాలా వాటికి అది నెలల తరబడి ఆన్‌లోనే పడి ఉంటుంది. మధ్యాహ్నం వరకు తిరిగి అలసిపోయి దిగే డ్రైవర్‌కు అది గుర్తుంటుందనుకోవడం మన అమాయకత్వం.

బటన్‌ను ఎర్త్ వైపు పెట్టమనడానికీ కారణముంది. ఆ సన్న వైరు ఎప్పుడైనా రేకుకు ఒరుసుకుని తొడుగు పోయి బాడీకి తగిలితే షార్ట్ కాదు, ఫ్యూజు పోదు, పొగ రాదు. బటన్ నొక్కకుండానే బండి స్టార్ట్ కావడం మొదలవుతుంది, అంతే. దాంతో వైరు చెడిందని మీకే తెలిసిపోతుంది. అదే ప్లస్ కరెంటును బండంతా తిప్పి బటన్ దాకా తెస్తే, ఆ ఒరిపిడి దగ్గరే మంటకు అవకాశం. గ్యాస్ బండిలో ఆ మాట తలుచుకోవడం కూడా ఇష్టం లేదు. రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) తీసుకునేది 0.2 ఆంపియర్ల లోపే కాబట్టి ఎంత చిన్న బటనైనా సరిపోతుంది. 85, 86 మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్క) వేయించండి, టీవీ రిపేర్ షాపులో చిల్లర డబ్బులకు దొరుకుతుంది. దాని మీది వెండి గీత 86 వైపు ఉండాలి, తిప్పి వేస్తే సెల్ఫ్ కొట్టగానే డయోడ్ కాలిపోతుంది. రిలే వదిలినప్పుడు కాయిల్ వెనక్కి తన్నే కరెంటు బటన్ కాంటాక్టులను కాల్చకుండా అది కాపాడుతుంది.

30కి, 87కి మధ్య ఒక ఫ్యూజు హోల్డర్‌ను ఖాళీగా పెట్టించండి. అందులో సోలెనాయిడ్‌కు తగ్గ రేటింగ్ ఫ్యూజు గుచ్చితే రిలేతో సంబంధం లేకుండా బండి మామూలుగా స్టార్ట్ అవుతుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఫ్యూజు గుచ్చి ఇవ్వండి, తెచ్చుకున్నాక పీకేయండి. షెడ్డులో నలుగురికీ మీ రహస్యం తెలియాల్సిన అవసరం ఉండదు. రిలే మొండికేసి తెల్లవారుజామున బండి కదలకపోయినా ఇదే ఆదుకుంటుంది. పిండి పులిసేదాకా మెకానిక్ కోసం ఎదురుచూడలేరు కదా.

వైరు ఎక్కడ తెంపాలి? స్టీరింగ్ కింద, కీ లాక్ దగ్గర మాత్రం వద్దు. దొంగ ముందు ఊడదీసేది ఆ ప్లాస్టిక్ కవరునే. అక్కడి వైర్లు కలిపి సెల్ఫ్ కొట్టడమే వాడి పని. వైరు అంతకంటే కింద, సెల్ఫ్ మోటార్‌కు వెళ్ళే దారిలో తెగి ఉంటే వాడు పైన ఎన్ని వైర్లు కలిపినా లాభం లేదు. రిలేను పాత వైరింగ్ కట్టలో కలిపి, దాని మీద ఉన్నలాంటి నల్ల గుడ్డ టేపే చుట్టాలి. తళతళలాడే కొత్త ఎర్ర వైరు వాడితే దొంగకు దారి చూపించినట్టే. సెల్ఫ్ వైపు వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం.కి తగ్గకూడదు. జాయింట్లు మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టే బాపతు ఒప్పుకోవద్దు. విజయవాడ ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది, కింద రాగి తీగ బయటపడి ఉంటుంది. సరైన ప్రెస్సింగ్ ప్లయర్‌తో లగ్గులు (వైరు కొసకు వేసే లోహపు తొడుగులు) నొక్కించి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, గ్యాస్ సిలిండర్ వాల్వు మూయాలి. ఆ స్లీవ్‌కు లైటర్ మంట పెట్టేవాళ్ళు ఉంటారు, మీ బండిలో హీట్ గన్ తప్ప మంట వద్దని ముందే చెప్పండి.

అయితే వీటన్నిటికంటే ముందు చేయాల్సింది మీ ఉత్తరంలో చివర రాశారు: టక్‌మని ఆగిపోవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన బళ్ళలో ఇది మామూలే. ఇంజిన్ ఆయిల్ మార్చి, సీట్లు ఎండబెట్టి, బండి నడుస్తోంది కదా అని వదిలేశారు చాలామంది. వైరింగ్ సాకెట్ల లోపలికి వెళ్ళిన బురద నీరు ఎక్కడికీ పోలేదు. సాకెట్టు ఊడదీసి చూడండి, పిన్నుల మీద పచ్చటి చిలుము, కొన్నిచోట్ల తెల్లటి పొడి కనిపిస్తుంది. ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కిందే కనుక మీ ఇంజిన్ వైరింగ్ అంతా నీళ్ళలో నానిందన్నమాట. బ్యాటరీ టెర్మినళ్ళు, ఇంజిన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ, సెల్ఫ్ సాకెట్టు, ఈ మూడూ విప్పించి శుభ్రం చేయించండి. ఎర్త్ బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. వోల్ట్ మీటర్ ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు, రెండోది ఇంజిన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ చెడిందని అర్థం. ఇవన్నీ బాగుంటే సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు చూడాలి. ఇది సరిచేయకుండా స్విచ్ పెడితే, రేపు బండి స్టార్ట్ కానప్పుడు తప్పు పాత చిలుముదా కొత్త రిలేదా తేల్చుకోలేక మెకానిక్, డ్రైవర్, మీరు ముగ్గురూ వాదించుకుంటారు.

బటన్ ఎక్కడ దాచాలో నేను చెప్పను. ఇక్కడ అచ్చేస్తే అది ఇంకేం రహస్యం? ఎక్కడ వద్దో మాత్రం చెబుతాను. సీటు కింద వద్దు. అక్కడ ఇంజిన్ వేడి, పైగా సీటు ఎత్తిన ప్రతి మెకానిక్‌కూ కనబడుతుంది. కాళ్ళ దగ్గర వద్దు, వానాకాలం తడి చెప్పులు, బండి కడిగిన నీళ్ళు అన్నీ అక్కడికే చేరతాయి. స్టీరింగ్ కింద ఎందుకు వద్దో ముందే చెప్పాను. సీటులో నిటారుగా కూర్చుని, బెల్టు పెట్టుకుని, వంగకుండా ఎడమచేతికి అందాలి. వంగి వెతుక్కునే చోట పెడితే సందులో వాకిలి ఊడ్చే వాళ్ళకు కూడా మూడో రోజుకు తెలిసిపోతుంది. మీ వ్యాపారానికి ఇంకొక చిక్కుంది. పిండి క్యాన్లు ఎక్కించి అదే చేత్తో బటన్ నొక్కితే నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి బొటనవేలి ముద్ర ఎండిపోయి, ఇక్కడే ఉన్నానని చెబుతూ ఉంటుంది. వారానికోసారి క్యాబిన్ మొత్తం తుడిపించండి, ఆ ఒక్కచోటే తుడిస్తే అదీ గుర్తే.

ఇద్దరు డ్రైవర్లన్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వాళ్ళను అనుమానించమని కాదు, పని మానేసి వెళ్ళేవాడు రహస్యాన్ని వెంట తీసుకుపోతాడని గుర్తుంచుకోమని. బటన్‌కు వెళ్ళేది ఒక్క సన్న వైరే కాబట్టి డ్రైవర్ మారినప్పుడల్లా చోటు మార్చడం గంట పని. హెల్పర్ కుర్రాళ్ళ ముందు బటన్ నొక్కేటప్పుడు రెండో చేత్తో ఏ గ్లాసో, ఫోనో సర్దుకుంటున్నట్టు నటించమనండి, నవ్వులాటగా ఉన్నా పని చేస్తుంది.

బిగించాక అక్కడే నిలబడి పరీక్షించండి. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, బటన్ నొక్కకుండా కీ తిప్పితే సెల్ఫ్ నుంచి చప్పుడు రాకూడదు. నొక్కితే ఇదివరకు ఎంత జోరుగా తిరిగేదో అంత జోరుగా తిరగాలి. మందగిస్తే ఏదో లగ్గు సరిగా పడలేదు. ఇంజిన్ నడుస్తుండగా బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగకూడదు. ఈ చివరిది సరిగ్గా లేకపోతే వైర్లు తప్పు కలిపారు, అప్పటికప్పుడే విప్పించండి.

ఇంత చేసినా క్రేన్‌తో ఎత్తుకుపోయే వాడిని, బండి కింద దూరి సోలెనాయిడ్‌కు నేరుగా కరెంటిచ్చే వాడిని ఇది ఆపదు. అందుకు లోపల సొంత బ్యాటరీ ఉన్న జీపీఎస్ ట్రాకర్ ఒకటి వేసుకోండి. ఈకో ఓనరు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. దొంగలకు మీ బండి కంటే దాని సైలెన్సర్ మీదే ఎక్కువ కన్ను ఉండొచ్చు. అందులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మకు ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉంటుంది. గుజరాత్, మహారాష్ట్ర, ఢిల్లీ వైపు ఈకో సైలెన్సర్ల దొంగతనాలు ఎన్నోసార్లు వార్తల్లోకి వచ్చాయి. బండి ఎత్తుగా ఉంటుంది, కిందికి దూరడం తేలిక, బోల్టులు విప్పడం నిమిషాల పని. స్విచ్‌కు దీనితో సంబంధం లేదు. విప్పే బోల్టుల బదులు, బిగించగానే తలలు తెగిపోయి మళ్ళీ విప్పడానికి పట్టు దొరకని షియర్ బోల్టులు వేయించండి, లేదా ఇనుప బద్దీ చుట్టి బిగించమనండి. వెల్డింగ్ మాత్రం గ్యాస్ పైపుల దగ్గర చేయించవద్దు.

కాగితాల సంగతి. మీ స్విచ్ వల్ల ఇన్సూరెన్స్‌లో తగ్గింపు రాదు. ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికే అది ఇస్తారు, అదీ పాత టారిఫ్ లెక్కన ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో రెండున్నర శాతం, 500 రూపాయలకు మించకుండా. దాని కోసం ఆశపడకండి. గ్యాస్ కిట్ ఆర్సీలో ఎక్కిందో లేదో, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పారో లేదో చూసుకోండి. ఎక్కకపోతే క్లెయిమ్ రోజున మొదటి పేచీ అక్కడే పెడతారు. బండి పోతే ఆ పూటే 112కు ఫోన్ చేసి ఎఫ్ఐఆర్ చేయించండి, ఇన్సూరెన్స్ వాళ్ళకూ వెంటనే చెప్పండి. ఎఫ్ఐఆర్ సకాలంలో ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కోర్టు దాకా పోయే ఓపిక పిండి వ్యాపారంలో ఎవరికుంటుంది?

చివరగా ఆ పోయిన అసలు కీ. దొంగతనం క్లెయిమ్‌లో కంపెనీలు రెండు అసలు కీలూ అడుగుతాయి. ఒకటే చూపిస్తే, రెండోది బండిలోనే వదిలేశారేమో అంటారు. కీ పోయిన విషయం పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, అదే కాపీని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ చేయండి. వీలైతే కీ లాక్ సెట్టే మార్పించేయండి, ఎందుకంటే ఆ పోయిన కీ ఎవరి దగ్గర ఉందో మీకు తెలియదు.